చిన్నదీ కాదు, పెద్దదీ కాదు – మా డబ్లిన్
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. యాభై దాటిన తరువాత దిద్దిన అక్షరాలు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన ఉపాధ్యాయులం. నేడు మా తప్పులు మీరు దిద్దితే సంతోషమే.

మధ్యరకం పట్టణంలో జీవితం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. ముందుగా మేము ఎక్కడినుండి వచ్చామో రెండు మాటలు.

మా తాతగారు మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు. మద్రాసు నుండి కూలీలను ఫిజీకి పంపడం 1903లో మొదలై 1916లో ఆగింది. తోటలలో అందరినీ కలిపే భాష హిందీ. మన భాష ఇంట్లో మిగిలింది, తరువాత వంటింట్లో మిగిలింది. దానిని నిలపాలని పెద్దలు 1926లో సంగం స్థాపించారు. 1941లో తెలుగువారు తమకంటూ ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. అయినా మా తరం హిందీలోనే ఆడుకుంది, ఇంగ్లీషులోనే చదువుకుంది. 1987లో అక్కడ రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగింది. ఆ తరువాత మాలాంటి కుటుంబాలు ఎన్నో ఫిజీ విడిచాయి. మేము అమ్మను వెంటబెట్టుకుని కాలిఫోర్నియా చేరాము.

అప్పటి డబ్లిన్ చిన్న ఊరు. 1850 ప్రాంతాలలో ఐర్లండు వారు వచ్చి స్థిరపడిన చోటు కనుక ఆ పేరు. 1856 నాటి వారి బడి నేటికీ హెరిటేజ్ పార్కులో ఉంది. నగరంగా ఏర్పడింది 1982లో. 1990 జనాభా లెక్కలలో 23,229 మంది. తూర్పున అంతా గడ్డి కొండలు, పశువులు. తెలుగు మాట వినాలంటే లివర్‌మోర్ గుడికి వెళ్ళవలసిందే. 1997లో బార్ట్ రైలు వచ్చింది. కొండలు ఇళ్ళయ్యాయి. 2020 నాటికి జనాభా 72,589.

ఈ మార్పు మంచిదా అని అడిగితే, మా ఇంట జరిగినది చెబుతాము.

అమ్మకు ఎనభై దాటాక మతిమరుపు వచ్చింది. ముందు ఇంగ్లీషు పోయింది, తరువాత హిందీ పోయింది. చివరికి చిన్ననాటి తెలుగు ఒక్కటే మిగిలింది. ఆ తెలుగు మాకు రాదు. ప్రతి ఉదయం ఆమె ఏదో అడిగేది. మాకు "జల్దీ, జల్దీ" అని వినబడేది. తొందరపడుతున్నదనుకుని పరుగున రొట్టె కాల్చి తెచ్చేవాళ్ళం. ఆమె పళ్ళెం తోసివేసి ఏడ్చేది. ఇలా కొన్ని నెలలు గడిచాయి.

ఒకనాడు ఎమరాల్డ్ గ్లెన్ పార్కులో అమ్మను బల్లమీద కూర్చోబెట్టాము. కొడుకు ఇంటికి శ్రీకాకుళం నుండి వచ్చిన ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నారు. అమ్మ మాట విని ఆమె నవ్వి, "సల్ది అడుగుతోంది బాబూ మీ అమ్మ! రాత్రి అన్నం నీళ్ళలో వేసి ఉంచలేదా?" అన్నారు.

చద్దన్నం! మా అమ్మ అన్ని నెలలుగా అడిగినది అదే. మరునాడు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి ఇచ్చాము. గిన్నె ఖాళీ చేసింది. మాకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు. ఆ వారమే సాయంకాలపు బడిలో పేరు వ్రాయించుకున్నాము. అమ్మ మరి రెండేళ్ళు బ్రతికింది. చివరి రోజులలో ఆమె అడిగినదానికి, వంకరగానైనా, తెలుగులో బదులు చెప్పగలిగాము.

మధ్యరకం ఊరంటే మాకు ఇదే. మరీ చిన్న ఊరైతే ఆ పెద్దావిడ వచ్చి ఉండేవారు కాదు. మహానగరమైతే ఆ బల్లమీద మా పక్కన కూర్చుని ఉండేవారు కాదేమో. మనిషికి మనిషి దొరికేంత పెద్దది, దొరికిన మనిషి మళ్ళీ కనబడేంత చిన్నది.

లోటు లేదని కాదు. మేము పాఠాలు చెప్పిన పిల్లలే ఇక్కడ ఇల్లు కొనలేక ఆల్టమాంట్ కనుమ దాటి ట్రేసీకి పోతున్నారు. మా అమ్మాయీ అంతే. సాయంత్రాలు రోడ్ల మీదే తెల్లవారుతున్నట్లుంటుంది. పక్కింటి తలుపు తట్టాలంటే ముందు ఫోను చేయాలి. అలవాటు తప్పితే, ఊరు ఎంతదైనా మనిషికి మనిషి దొరకడు.

కనుక ఒక్క విన్నపం. మీ ఇంటికి ఇండియా నుండి పెద్దలు వచ్చినప్పుడు, వారిని గదిలో టీవీ ముందు ఉంచకండి. ఫిజీ నుండి, మారిషస్ నుండి, దక్షిణాఫ్రికా నుండి వచ్చిన మా వంటి ఇళ్ళలోని ముసలివారి పక్కన కూర్చోబెట్టండి. ఏ మాట ఎవరికోసం దాగి ఉన్నదో మనకు తెలియదు.