భయాన్ని ప్రయోగానికి పెట్టిన ఆచార్యుడు



పాతికేళ్ల క్రితం, నేను అధ్యాపకురాలిగా కొత్తగా చేరిన రోజుల్లో, ఒక విద్యార్థిని ప్రయోగశాలలో ఊపిరాడక కూలబడింది. గుండె దడ, చెమటలు, 'చచ్చిపోతున్నాను మేడమ్' అన్న కేక. డాక్టరు పరీక్షించి గుండెలో ఏ లోపమూ లేదన్నారు. 'అయితే నటిస్తోందా?' అనుకున్నాం మేము. ఆ అమ్మాయి మళ్లీ ప్రయోగశాల గడప తొక్కలేదు. కొన్నాళ్లకు చదువే మానేసింది.

ఆమె నటించలేదు. అది పానిక్ అటాక్. దాని గుట్టు విప్పినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన క్లినికల్ సైకాలజీ ఆచార్యుడు డేవిడ్ క్లార్క్.

ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ 1986లో ఆయన ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 'ఇది గుండెపోటు' అని మనిషి పొరపడతాడు. దాంతో భయం పుడుతుంది. భయంతో గుండె మరింత వేగం అందుకుంటుంది. 'చూశావా, నిజమే!' అనిపిస్తుంది. ఇదొక విషవలయం.

దీన్ని తెంచడం ఎలా? చికిత్సకుడి ఎదుట రోగి కావాలనే వేగంగా శ్వాస తీస్తాడు. తల తిరుగుతుంది, ఒళ్లు తిమ్మిరెక్కుతుంది. ఇన్నాళ్లూ ప్రాణాంతకమనుకున్న లక్షణాలు శ్వాస మార్పు వల్ల కూడా వస్తాయని స్వయంగా గ్రహిస్తాడు. మరొక సంగతి ఉంది. దడ రాగానే కూర్చునేవాడు, కూర్చోబట్టే బతికానని నమ్ముతాడు. అందుకే చికిత్సలో కూర్చోకుండా ఉండి చూస్తాడు. ఏమీ కాదు. మన సైన్సు పాఠంలోలాగే ఇక్కడా ఊహ, ప్రయోగం, ఫలితం ఉన్నాయి.

క్లార్క్ తన చికిత్సనూ పరీక్షకు పెట్టారు. దాన్ని విశ్రాంతి శిక్షణతోనూ, ఇమిప్రమిన్ అనే మందుతోనూ పోల్చారు. మూడు నెలలు గడిచేసరికి ఈ చికిత్సే ముందుంది. ఆ ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి.

అయితే మంచి చికిత్స పరిశోధన పత్రికల్లోనే ఉండిపోతే సామాన్యుడికి ఏం లాభం? క్లార్క్, ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ కలిసి ప్రభుత్వాన్ని ఒప్పించారు. 2008లో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్యసేవలో పెద్ద పథకం మొదలైంది. వేలమంది చికిత్సకులకు శిక్షణనిచ్చారు. ప్రతి సమావేశంలోనూ రోగి స్థితిని కొలిచి, మొత్తం ఫలితాలను ప్రజల ముందుంచారు. చికిత్స పూర్తిచేసినవారిలో సుమారు సగంమంది కోలుకుంటున్నారు. మిగతా సగం సంగతేమిటి? ఆ లెక్క దాచకపోవడమే ఈ పథకం గొప్పతనం. దాని నుంచే తర్వాతి పరిశోధన పుడుతుంది.

ఒక హెచ్చరిక. ఛాతీనొప్పి, ఆయాసం వస్తే ముందు వైద్యుడికి చూపించుకోవాలి. నేను చెప్పిన ప్రయోగాలు శిక్షణ పొందినవారి సమక్షంలోనే చేయాలి. మన దేశంలో 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

క్లార్క్ వ్యాసం మా కళాశాల సంఘటనకు ఎన్నో ఏళ్ల ముందే అచ్చయింది. మేము చదవలేదు. రేపు మీ పక్క బెంచీలో ఎవరైనా అలా కూలబడితే 'నటిస్తోంది' అనకండి. ఇప్పుడు మీకు తెలుసు.

సెలవు.