పడవను మోయడమా, నడిపించడమా?

(నగరంలోని తెలుగువారి సమావేశంలో పురపాలక అనువాదకుడు చేసిన ప్రసంగ పాఠం)



మనలో అనేకులు బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాలనుండి బతుకుతెరువు కోసం బెంగళూరు చేరినవారు. మన సీమలో ఏడాది పొడవునా పారే నది లేదు. నంది కొండల పరిసరాల్లో పుట్టే పెన్న, పాపఘ్ని, చిత్రావతి వానకాలంలోనే నీటి ముఖం చూస్తాయి. అందువల్ల బండిమీద బిందెలూ డ్రమ్ములూ పెట్టి నీళ్ళు తెచ్చుకోవడం మనకు తెలిసినంతగా, బండిమీద పడవను నీటి దగ్గరకు చేర్చడం తెలియదు. నేటి ప్రసంగ విషయం అదే.

మనకు పడవ బొత్తిగా కొత్తదేమీ కాదు. పుట్టి, అరిగోలు, తెప్ప, దోనె అనే మాటలు మన భాషలో ఉన్నాయి. సుమారు 1520లో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తుంగభద్రను దాటించే గుండ్రని తోలు పడవలను వర్ణించాడు. వెదురుతో అల్లిన చిన్న పుట్టిని ఒక్క మనిషి తాబేటి చిప్పలా వీపున బోర్లించుకొని గట్టుకు చేర్చగలడు. ఫైబరు పడవలూ, ప్లాస్టిక్ కయాక్‌లూ అలా కాదు. వాటి పొడవే మనిషిని అటూ ఇటూ తూలేటట్లు చేస్తుంది. చెరువుల్లో కలుపు తీసేవారికీ, చేపలు పట్టేవారికీ రోజూ ఈ మోత తప్పదు. నడుము పట్టుకొంటే పోయేది ఆనాటి కూలి మాత్రమే కాదు.

దీనికి తగిన సాధనం రెండు చక్రాల చిన్న బండి. ఒక ఇరుసు, పడవ ఆనడానికి మెత్తని రెండు ఆనుదిమ్మెలు, బిగించడానికి నవారు పట్టీలు ఉంటే చాలు.

బండిని ఎక్కడ అమర్చాలన్నదే ముఖ్యం. 4 మీటర్ల పొడవూ 30 కిలోల బరువూ ఉండి, ఆ బరువు ఇరువైపులా సమానంగా ఉన్న పడవను తీసుకొందాం. చక్రాలను వెనుక చివర ఉంచి ముందు కొనను పట్టుకొంటే చేతిమీద 15 కిలోలు పడతాయి. చక్రాలను నడిమికి 20 సెంటీమీటర్లు మాత్రమే వెనుకగా ఉంచితే చేతిమీద పడేది సుమారు 3 కిలోలు. సరిగ్గా నడిమిలోనే పెడితే పడవ త్రాసులా ఊగుతుంది. కాబట్టి నడిమికి కొద్దిగా వెనుక అమర్చడం మేలు.

కట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. ముందుగా చక్రాలకు రాయి అడ్డం పెట్టాలి. పడవ ఒక కొనను ఎత్తి బండిని లోపలికి జరపాలి. పట్టీని పడవ చుట్టూ తిప్పి, బండి చట్రానికి కూడా బిగించాలి. పది అడుగులు నడిచాక ఆగి మళ్ళీ బిగింపు చూడాలి. సిమెంటు రోడ్డుకు గట్టి రబ్బరు చక్రం సరిపోతుంది. ఇసుకలోనూ బురదలోనూ వెడల్పాటి గాలి టైరు కూరుకుపోకుండా సాగుతుంది. పల్లంలో దిగేటప్పుడు పడవకు ఎదురుగా నిలవరాదు. ఒకరు వెనుకనుండి తాడుతో ఆపుతూ ఉండాలి. కదిలే బండిమీది పడవలో పిల్లలను కూర్చోబెట్టరాదు.

ఇది విహారానికి వచ్చినవారి ముచ్చట మాత్రమే అనుకోకండి. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు పరిసరాలు మునిగినప్పుడు, ట్రాక్టర్లమీదా పడవలమీదా జనాన్ని తరలించడం మనమందరం చూశాం. అలాంటి రోజున పడవ ఎంత త్వరగా నీటి అంచుకు చేరితే, లోపల చిక్కుకొన్న ముసలివారికీ పిల్లలకూ అంత మేలు. బండి ఉపయోగం నీటి అంచు వరకే. వరద నీటిలో బండిని తోసుకొంటూ నడవరాదు. మూత లేని మ్యాన్‌హోలూ, రాజకాలువ అంచూ ఆ నీటి కింద కనబడవు. అత్యవసర సహాయానికి 112కు ఫోను చేయండి.

మన ఊళ్ళవైపు కూడా కాలం మారుతున్నది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపే కోరమంగల–చల్లఘట్ట లోయ పథకపు నీరు 2018లో అక్కడికి చేరడం మొదలైంది. చింతామణి తాలూకాలోని కొన్ని చెరువులూ ఆ పథకంలో ఉన్నాయి. నీరు నిలిచిన చోట పడవ అవసరమవుతుంది. ఇక్కడ నేర్చుకొన్న పని అక్కడ మనవారికి చెప్పవచ్చు.

చివరగా ఒక మనవి. చెరువు పనికి పిలిచినవారిని కూలి ఎంత అని అడిగినట్లే, పడవకు బండి ఉన్నదా అని కూడా అడగండి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా సంకోచించనక్కరలేదు. అది దయ కోరడం కాదు, పనికి తగిన పనిముట్టు కోరడం.