ప్రార్థన గంటకు ముందు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల 75 సంవత్సరాల చరిత్రను నాకంటె పెద్దలు చెప్పియున్నారు. నేను వేరొక విషయం మనవి చేస్తాను. ప్రార్థన సమయంలో నేను స్తంభానికి ఆనుకొని నిలబడడం, ఉపాధ్యాయుల సమావేశం మధ్యలో లేచి అటూ ఇటూ నడవడం మీరు చూచియున్నారు. హెడ్మిస్ట్రెస్ గారికి కుదురు లేదని కొందరు అనుకున్నారట. అందులో కొంత నిజం లేకపోలేదు గాని, అసలు కారణం నా వెన్నెముక.

ముప్ఫయ్యవ ఏట మొదలయినది. తెల్లవారుజామున నడుము క్రింది భాగంలో నొప్పితో మెలకువ వచ్చేది. లేచేసరికి వెన్ను కొయ్యబారి, క్రిందనున్న చెంబును వంగి అందుకోలేకపోయేదానను. విచిత్రమేమంటే, బడికి వచ్చి నాలుగు తరగతులు తిరిగేసరికి ఆ బిగువు సడలేది. ఆదివారం పడుకుంటే హెచ్చేది. పనిచేస్తే తగ్గి, విశ్రమిస్తే పెరిగే నొప్పిని ఎవరు నమ్ముతారు? ఒక వైద్యుడు పూర్తి విశ్రాంతి అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదని మరొకరు కాల్షియం మాత్రలు వ్రాశారు. అట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఒకనాడు కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, హోసూరు నుండి బెంగుళూరు వెళ్ళాను. కంటి వైద్యురాలు పరీక్ష చేసి, "తెల్లవారి మీకు నడుము పట్టేస్తుందా?" అని అడిగారు. కంటికీ నడుముకూ సంబంధమేమిటని నేను తెల్లబోయాను.

ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని దాని పేరు. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే వెన్నెముక కీళ్ళపైకి తిరగబడుతుంది. కొందరికి కాలక్రమాన వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. సాధారణంగా 45 ఏళ్ళలోపే ఆరంభమవుతుంది. తొలి దశలో ఎక్స్‌రేకు చిక్కనిది ఎం.ఆర్.ఐ.లో కనబడవచ్చు. హెచ్.ఎల్.ఎ.-బి27 అనే జన్యు లక్షణంతో దీనికి గల సంబంధం 1973లో వెల్లడయినది. అయితే ఆ లక్షణమున్న వారందరికీ ఈ జబ్బు రాదు. ఇది పురుషుల జబ్బేనని చాలాకాలం భావించినందున స్త్రీలలో గుర్తింపు మరింత ఆలస్యమయ్యేది. పూర్తిగా నయమయ్యే మందు లేదు. వాపును అణచే మాత్రలు, అవసరమైన వారికి బయోలాజిక్ ఇంజక్షన్లు ఉన్నాయి. వీటితోపాటు నిత్య వ్యాయామం తప్పదు. అందుకే ప్రార్థన గంటకు రెండు గంటల ముందే లేచి నా వెన్నును బ్రతిమాలుకుంటాను.

జబ్బు పేరు విన్న రాత్రి నాకు గుర్తుకు వచ్చినది నా నొప్పి కాదు. ఉద్యోగంలో చేరిన మూడవ ఏట, నా తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. రోజూ మొదటి పీరియడుకు ఆలస్యం. నేలమీద నుండి లేవమంటే గోడ పట్టుకొని లేచేవాడు. అది బద్ధకమని నిర్ణయించి, వారం రోజులు వెనుక నిలబెట్టాను. ఏమయినదని ఒక్కసారీ అడగలేదు. అతనిది ఈ జబ్బేనో కాదో నాకు తెలియదు. మరుసటి ఏటి హాజరు పట్టీలో అతని పేరు లేదు.

ఇప్పుడు మన బడిలో ప్రతి తరగతిలోనూ వెనుక రెండు బల్లలు వేయించాము. నేలమీద కూర్చోలేనన్న బిడ్డ కారణం చెప్పనక్కరలేదు. తల్లులారా, ఉదయం లేవలేని పిల్లలను కేకలు వేసే ముందు, మధ్యాహ్నానికి ఎట్లా ఉన్నారో ఒక్కసారి గమనించండి.

పది నిమిషాలుగా ఒకేచోట నిలబడ్డాను. మీ అనుమతితో వేదిక ఆ చివరి వరకు నడిచి వచ్చి, బహుమతుల పట్టిక చదువుతాను.