ఇంట్లో పురుగు, చెట్టు మీద పురుగు: ఒకే కుటుంబమా?

ఈరోజు ఎపిసోడ్ రక్తం తాగే ఒక పురుగు గురించి. అన్నం తింటూ చూసేవాళ్లు ముందు తినేసి రండి.

లాటిన్ అమెరికా పల్లెల్లో మట్టి గోడల పగుళ్లలో, ఆకులు కప్పిన ఇంటి చూరుల్లో ఇది దాక్కుంటుంది. మన నల్లికి దూరపు చుట్టమే గానీ సైజు చాలా పెద్దది, సుమారు 2 సెంటీమీటర్లు. రాత్రి దీపం ఆర్పాక బయటికొచ్చి, నిద్రపోయే మనిషి మొహం మీద రక్తం తాగుతుంది. అందుకే ఇంగ్లీషులో కిస్సింగ్ బగ్ అన్నారు. బ్రెజిల్‌లో అయితే ‘బార్బేరో’, అంటే మంగలి. గడ్డం దగ్గరే కదా దాని పని!

రోగం వచ్చేది కుట్టడం వల్ల కాదు. తాగాక అక్కడే రెట్ట వేస్తుంది, అందులో ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి ఉంటుంది. నిద్రమత్తులో గోక్కుంటే గాయంలోంచి ఒంట్లోకి వెళ్తుంది. ఇదే చాగస్ వ్యాధి. 1909లో బ్రెజిల్ డాక్టర్ కార్లోస్ చాగస్ కనిపెట్టాడు. చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. సోకినవాళ్లలో 30 శాతం మంది దాకా తర్వాతెప్పుడో గుండె దెబ్బతింటుంది. టీకా లేదు. కాబట్టి పురుగును చంపడమే ప్రధాన మార్గం, ఇళ్లలో మందు కొట్టాలి.

ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఉంది. రోడ్నియస్ ప్రొలిక్సస్ అని ఒక జాతి. మధ్య అమెరికాలో ఇది ఇళ్లలోనే బతికేది. జన్యువులు చూస్తే తేడాలు చాలా తక్కువ, ఎక్కడినుంచో వచ్చిన కొద్ది పురుగుల సంతానంలా. ఇళ్లకు మందు కొట్టారు, దానికి పారిపోవడానికి వేరే చోటు లేదు. ఈ పురుగు ద్వారా వ్యాప్తి ఆగిపోయిందని 2008లో గ్వాటెమాలాకు గుర్తింపు కూడా వచ్చింది.

అదే పురుగు వెనిజులాలో మాత్రం వదల్లేదు. అక్కడ ఊరి పక్కన తాటి జాతి చెట్లలో కూడా అచ్చం ఇలాంటి పురుగులే ఉంటాయి. ఇవి ఇంటి పురుగులేనా, వేరే జాతా అని చాలాకాలం వాదన. రోడ్నియస్ రోబస్టస్ అని చూడ్డానికి దాదాపు ఇలాగే ఉండే అడవి జాతి ఒకటుంది మరి! కంటితో తేలే విషయం కాదు. చివరికి డీఎన్ఏ చూశారు. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో చెట్టు మీద పురుగులకీ, ఇంట్లో పురుగులకీ ఒకే రకం జన్యు గుర్తులు కనిపించాయి. ఇంటిపేరు ఒకటే ఉన్నట్టు అనుకోండి. అంటే చెట్ల మీదవి ఇళ్లలోకి వచ్చి కాపురం పెడుతున్నాయన్నమాట.

దీంతో ఏమవుతుంది అంటారా? మందు కొట్టిన ఇంట్లో కొన్నాళ్లకు మళ్లీ పురుగు కనబడిందనుకోండి. అది పాత పురుగుల సంతానమైతే మందు సరిగ్గా పడలేదు, లేదా మందుకు లొంగడం మానేసింది. బొలీవియాలో, ఉత్తర అర్జెంటీనాలో ట్రయటోమా ఇన్ఫెస్టాన్స్ అనే ఇంకో జాతి పైరెథ్రాయిడ్ మందులకు అలాగే మొండికేసింది. మన దోమల కాయిల్స్‌లో ఉండేది ఆ రకం మందే. అదే బయటి చెట్ల నుంచి వచ్చినదైతే ఎన్నిసార్లు కొట్టినా లాభం తక్కువ. గోడల పగుళ్లు పూడ్చాలి, కప్పు మార్చాలి, ఏటా ఇల్లిల్లూ వెతకాలి. రెండు జబ్బులకూ ఒకే మాత్ర ఇస్తే ఎలా?

పోనీ తాటిచెట్లన్నీ కొట్టేస్తే సరిపోదా అని నాకూ మొదట అనిపించింది. ఇంటి కప్పుకి ఆకులు ఆ చెట్లవే మరి. పైగా గూడు పోయిన పురుగులకు దగ్గర్లో దొరికేది మనిషి ఇల్లే.

ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.