మన కరెంటు బిల్లులో కనిపించని బూడిద బస్తా

వీడియోలోకి వెళ్లే ముందు మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీయండి. యూనిట్లు ఎన్ని ఉన్నాయి? 200 అనుకుందాం.

ఆ 200 యూనిట్లూ బొగ్గుతోనే తయారైతే సుమారు 140 కిలోల బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. అంటే తునిలో ఒక ఇల్లు నెల రోజులు ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీ నడుపుకుంటే ఎక్కడో ఒక సిమెంటు బస్తా అంత బూడిద మిగులుతుంది. ఎక్కడో అంటే మరీ దూరం కాదండోయ్. వైజాగ్ వెళ్తూ అనకాపల్లి దగ్గర సముద్రం వైపు తిరిగితే పరవాడ. అక్కడే ఎన్టీపీసీ సింహాద్రి, 2000 మెగావాట్లు. గ్రిడ్‌లో అన్ని కరెంట్లూ కలిసిపోతాయి కాబట్టి మీ ఇంటికి ఏది వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కానీ బూడిద మాత్రం కలిసిపోదు. కొంత సిమెంటుకి, ఇటుకలకి వెళ్తుంది. మిగిలింది బూడిద చెరువులోకి. ఎండాకాలం ఆరిపోయి లేస్తే పడేది పక్క ఊళ్ల మీదే.

"మనకి గ్యాస్ ఉందిగా, అది క్లీన్ కదా" అంటారు కొందరు. పొగ తక్కువే, ఒప్పుకుంటా. కానీ కోనసీమ వాళ్లని అడగండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో మంట లేచింది. ఆరడానికి రెండు నెలలు దాటింది. 2014 జూన్ 27న తెల్లారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా పోయారు. ఆ పైపులో గ్యాస్ వెళ్తున్నది ఎక్కడికో తెలుసా? కొండపల్లిలో కరెంటు తయారుచేసే ప్లాంటుకి. స్విచ్ మనది, మంట వాళ్లది.

మరి సోలార్? సింహాద్రి రిజర్వాయర్ నీళ్ల మీదే 2021లో 25 మెగావాట్ల ప్యానెళ్లు తేలించారు. 2000 పక్కన 25, మీరే చూడండి. ఇళ్ల మీదైతే పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కి రోజుకి దాదాపు 4 యూనిట్లు వస్తాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సోలార్ పగలిస్తుంది, మనం ఏసీ వేసేది రాత్రి. బ్యాటరీలు చౌకయ్యేదాకా రాత్రికి ఎక్కువగా బొగ్గే దిక్కు. అందుకే సోలార్ పెట్టుకున్నా, మోటారు, వాషింగ్ మెషీన్, ఐరన్ బాక్సు మధ్యాహ్నం వాడండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా చేయగలిగిన పని ఇది.

మీ బిల్లులో ఎన్ని యూనిట్లు వచ్చాయో కామెంట్‌లో పెట్టండి. ఎన్ని బస్తాలో వచ్చే వీడియోలో లెక్కేద్దాం. ఉంటానండి.