గాజు పలకల మీద ఆకాశం



ఖగోళ భౌతికశాస్త్రం అనగానే గెలీలియో, హబుల్, చంద్రశేఖర్ గుర్తొస్తారు. నేను మన హైదరాబాదు పాతబస్తీ సంగతి చెబుతాను. 1901లో ఇక్కడి ఫిసల్‌బండలోనే నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ కంపెనీ టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టారు. అదే నిజామియా. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు చేరింది.

ఆకాశమంతా ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, వేధశాలలకు వంతులు పంచారు. చిలీలోని శాంటియాగో వంతు మనకొచ్చింది. 1914లో వేధశాల డైరెక్టర్ రాబర్ట్ పోకాక్ పని మొదలుపెట్టారు. 1918లో ఆయన కన్నుమూస్తే టి.పి. భాస్కరన్ అందుకున్నారు.

రాత్రి గాజు పలక మీద ఫొటో తీస్తారు. పలక మీద 5 మిల్లీమీటర్లకో గీత చొప్పున గళ్లు. మైక్రోస్కోపు కింద ఒక్కో చుక్క ఏ గడిలో, గీతకు ఎంత దూరంలో ఉందో చూసి అంకె వేయాలి. మిల్లీమీటరు తప్పితే ఆకాశంలో డిగ్రీలో 60వ వంతు తప్పినట్టే. అలా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు, 12 సంపుటాలు! ఆ అంకెలు వేసినవాళ్ల పేర్లు మన పాఠాల్లో లేకపోవడం నాకు నిజంగా బాధ.

ఆ పాత అంకెలు ఇప్పుడెందుకంటారా? నక్షత్రం ఎటు కదిలిందో తెలియాలంటే ఒకప్పుడు ఎక్కడుందో తెలియాలి. ఎంత గొప్ప ఉపగ్రహమైనా 1914 నాటి ఆకాశాన్ని ఇప్పుడు చూడలేదు కదా. అందుకే హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలకు ఈ పాత పట్టికలను జోడించి, 2000లో 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 పట్టిక వేశారు. మన హైదరాబాదు అంకెలు అందులో పనికొచ్చాయి.

ఆ నిజామియా వేధశాల ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లి, 1949లో తోకచుక్కను కనిపెట్టారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్ర కాంతిలోని కాల్షియం గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రపు అసలు వెలుగు ఎంతో చెప్పవచ్చని చూపించారు. వెలుగు తెలిస్తే దూరం తెలుస్తుంది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు.

సైన్స్ చదివిన పిల్లలూ, ఆ 12 సంపుటాల్లో ఒక్కటైనా తెరిచి చూడండి.