చోటిచ్చిన చర్చికి మనం ఏమిస్తాం?

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో ఆదివారం మందిరానికి వెళ్లేవాళ్లున్నారు. ఊరి దేవతకు మొక్కేవాళ్లున్నారు. రెండిటికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు. మన సవరల సాంస్కృతిక సంఘం వీళ్లందరిదీ. నన్ను చర్చి గురించి మాట్లాడమన్నారు కనుక చర్చి గురించే మాట్లాడతాను. అయితే మందిరం గడప దాటనివాళ్లు కూడా వినవలసిన మాటే చెబుతాను.

మన కొండల్లో చాలామందికి చర్చి ఎందుకు దగ్గరయింది? ఎవరి కారణం వారికి ఉంటుంది. నేను చూసినంతలో పెద్ద కారణం ఒకటుంది. సంతకు దిగితే మన చింతపండుకు, అల్లానికి ధర చెప్పేది ఎదుటివాడు. ఆఫీసుకు వెళితే మన మాట విని నవ్వేవాళ్లుండేవారు. మందిరంలో మాత్రం మన పేరు రిజిస్టరులో రాసి, ఆదివారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగారు. మన భాషలో పాట పాడమన్నారు. మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

భాష సంగతి కొంచెం చెప్పాలి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు కదా, అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. పర్లాకిమిడిలో ఉంటూ ఆయన మన భాష నేర్చుకున్నారు, మన పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చాయి. 1936లో మంగై గమాంగ్ గారు సవరకు సొంత లిపి తయారు చేశారు. అటు కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు సవర మాటలను రోమన్ అక్షరాల్లో రాసి పాటలు, వాక్యం నేర్పారు. ముగ్గురి దారులు వేరు. అయినా ముగ్గురూ మన మాట కాగితం ఎక్కడానికి తగినదేనని నమ్మారు. తన భాషకు విలువ దొరికిన చోట మనిషి నిలబడతాడు.

ఇక పట్నం సంగతి. చదువుకోసమో, నర్సింగ్ ఉద్యోగానికో, సెక్యూరిటీ పనికో విశాఖ, హైదరాబాద్ వెళ్తున్నారు. అక్కడి చర్చిలో వందల మంది ఉంటారు. వెనక బెంచీలో కూర్చుని, ప్రార్థన కాగానే ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేస్తారు. నేనూ విశాఖలో చాలా వారాలు అలాగే వచ్చేశాను. గుమ్మం దగ్గర కరచాలనం చేసి "బాగున్నావా బాబూ" అన్నవాళ్లు చాలామంది. ఒక పెద్దమ్మ మాత్రం "వచ్చే ఆదివారం అరగంట ముందు రా నాయనా, చాపలు పరవడానికి మనిషి తక్కువగా ఉన్నాడు" అంది. ఆ వారం నుంచి అది నా చర్చి అయింది. పలకరిస్తే అతిథులమవుతాం. పని అప్పగిస్తే ఇంటివాళ్లమవుతాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఇది మనకు కొత్త కాదు. ఇల్లు కప్పాలంటే ఊరంతా వస్తుంది. పోడు చదును చేయాలంటే ఇవాళ నీ కొండ, రేపు నా కొండ. కూలి లెక్క ఉండదు, అంబలి ఉంటుంది. చర్చికి తిరిగి ఇవ్వడం కూడా ఈ బదులు పనిలాంటిదే.

డబ్బు లేనివాళ్లు ఏమిస్తారని అడుగుతారు. మిజోరం చూడండి. అక్కడి ఇళ్లలో వంట చేసేటప్పుడు ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు. దాన్ని 'బుహ్‌ఫై థామ్' అంటారు. చర్చి స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసి అమ్మి, సంఘ పనులకు వాడతారు. వందేళ్లకు పైగా సాగుతున్న పద్ధతి ఇది. మనం లెక్కవేద్దాం. పిడికెడు 50 గ్రాములనుకుంటే రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. 40 గడపల ఊరిలో నెలకు 120 కిలోలు. ఏ ఇంట్లోనూ ఆకలి పెరగలేదు. నోటు వేయలేని ముసలమ్మ కూడా సిగ్గుపడకుండా ఇచ్చింది. రెండు కాసులు వేసిన విధవరాలి కథ వాక్యంలో విన్నవాళ్లకు ఈ లెక్క తొందరగా అర్థమవుతుంది.

మీ దగ్గర బియ్యం కంటే విలువైనది ఇంకొకటుంది. మీరు చదువుకున్నారు. ప్రార్థన అయ్యాక మందిరంలోనే ఒక బల్ల వేసుకుని కూర్చోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పింఛను కాగితం, ఆధార్‌లో తప్పుపడిన పేరు, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, ఏదైనా చదివి చెప్పండి, నింపి పెట్టండి. ఆసుపత్రికి వెళ్లే తల్లికి తోడు వెళ్లండి. రోడ్డు లేని ఊరి నుంచి డోలీలో మోసుకొచ్చాక, డాక్టరు తెలుగులో అడిగినదానికి ఆమె సవరలో జవాబు చెబుతుంది. ఆ మధ్యలో నిలబడే మనిషి లేకపోతే కడుపునొప్పి ఎన్నాళ్లనుంచో కూడా డాక్టరుకు తెలియదు. చర్చి లెక్కల పుస్తకం రాసేవాళ్లు కావాలి. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని నెలకోసారి అందరిముందు చదివే చర్చిలో తగాదాలు తగ్గుతాయి.

ఇక మూడు జాగ్రత్తలు.

మొదటిది, కానుక ఎంత వేశాడని చూసి మనిషికి కుర్చీ వేయకండి. అప్పు చేసి కానుక వేయమని ఏ తమ్ముణ్ణీ ఒత్తిడి పెట్టకండి.

రెండోది, మీ సాయానికి బాప్తిస్మం వెల కాకూడదు. దరఖాస్తు నింపే బల్ల ముందు దేవతకు మొక్కే మావయ్యకీ, పాట పాడే అత్తకీ ఒకటే వరస ఉండాలి.

మూడోది నాకు మనసుకు దగ్గరిది. పియర్స్ వీటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి ఒడిశా కొండల్లో మన సవరల మధ్య ఉండి పుస్తకాలు రాశారు. వెనకటి రోజుల్లో గురువమ్మ నోటి గుండా చనిపోయినవాళ్లతో మనవాళ్లు మాట్లాడేవారు. ఏడ్చేవారు, పోట్లాడేవారు, నవ్వేవారు. పిల్లలు చర్చికి వెళ్లడంతో ఆ మాటలు ఆగిపోయిన తీరును ఆయన రాశారు. మన విశ్వాసం మారవచ్చు. కానీ ఇంట్లో ఉన్న నానమ్మకు మాట్లాడే మనిషే లేకుండా పోతే, ఆ నష్టం మనది. మందిరంలో మనకు చోటు దొరికిందని ఇంటి అరుగు మీద ఆమె చోటు ఖాళీ చేయకూడదు. ఆమె పాటలు, విత్తనాల పేర్లు, ఇడితాల్ బొమ్మల్లో ఏ గీతకు ఏ అర్థమో అడిగి ఫోన్లో రికార్డు చేయండి. కందికొత్తల పండుగకు ఊరు వెళ్లండి. పూజలో కూర్చోవడానికి మనసు ఒప్పకపోతే కట్టెలు కొట్టండి, నీళ్లు మోయండి. చర్చికి వెళితే సవరలం కాకుండా పోం. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో కూడా మతం షరతు లేదు. అయితే కాగితం మీద సవరగా ఉండటం ఒకటి, ఊరికి అక్కరకొచ్చే సవరగా ఉండటం మరొకటి.

చివరిగా ఒక్క పని అడుగుతాను. ఈ ఆదివారం మీ చర్చిలో పాస్టరు గారినో, స్త్రీల సమాజం అక్కనో కలిసి, "నాకేం పని ఇస్తారు?" అని అడగండి. చర్చికి వెళ్లనివాళ్లు మన సంఘం పెద్దలను అదే మాట అడగండి. చిన్న పనే తీసుకోండి, కానీ వదలకుండా చేయండి. అలాగే వెనక బెంచీలో ఒంటరిగా కూర్చున్న కొత్త పిల్లవాడు కనిపిస్తే, పేరు అడిగి ఊరుకోకండి. చీపురో, పాటల పుస్తకాల కట్టో చేతికివ్వండి. వచ్చే వారం వాడు తప్పకుండా వస్తాడు.